మాణిక్‌గఢ్ వయసెంత? బల్లార్షా పక్క గుట్టమీది కోట, ఊళ్లు: ఆధారాల పరిశీలన

కాజీపేట నుంచి ఉత్తరాదికి రైలెక్కిన తెలుగువాళ్లలో బల్లార్షా పేరు వినని వాళ్లు తక్కువ. రైల్వేవాళ్లు బల్లార్షా అనే ఈ ఊరికి పటంలో పేరు బల్లార్‌పూర్. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో వార్ధా నది తూర్పు ఒడ్డున ఉంటుంది. కాగితం మిల్లు, బొగ్గు గనులు, రైల్వే పనుల కోసం తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. దక్షిణం నుంచి వచ్చే రైలుకు బల్లార్షాకు ముందు వచ్చే చిన్న స్టేషన్ మాణిక్‌గఢ్. ఈ పేరు మోసే గుట్ట స్టేషన్ పక్కన లేదు. బల్లార్షా నుంచి వార్ధా దాటి రాజురా, అక్కడి నుంచి గడ్‌చాందూర్, ఆ పైన జివతి కొండల వైపు పోవాలి. సముద్రమట్టానికి సుమారు 507 మీటర్ల ఎత్తున, అడవి నడుమ, నల్లరాతితో కట్టిన పాత కోట అక్కడ శిథిలమై ఉంది. చుట్టుపక్కల కొండల మీద గోండులు, కొలాములు, ఇంకా అనేక వర్గాల వాళ్లు ఉండే చిన్న చిన్న గూడేలు ఉన్నాయి.

గుట్టమీది ఊరు, చుట్టూ పచ్చదనం, పక్కనే పాడుబడిన కోట: ఈ మూడూ ఒకచోట కనబడితే చూడటానికి వచ్చినవాళ్లు ఒకే మాట అనుకుంటారు, ఇదంతా ఒకే కాలానిదని. కోట ఎంత పాతదో ఊరూ అంత పాతదని, అడవి అంతకన్నా పాతదని. మాణిక్‌గఢ్ విషయంలో ఆ అనుకోలు నిలుస్తుందా అన్నదే ఈ వ్యాసం పరిశీలించే సంగతి. కోటను తొమ్మిదో శతాబ్దంలో మానా నాగవంశీయులు కట్టారన్న మాట పర్యాటక కరపత్రాల నుంచి విద్యార్థుల ప్రాజెక్టు పుస్తకాల దాకా పాకిపోయింది. ఆ తేదీ ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే దారి ఒక బ్రిటిష్ రెవెన్యూ అధికారి దగ్గర తేలుతుంది.

870 అనే అంకె

1853లో నాగపూర్ భోంస్లే రాజ్యం వారసులు లేక ఈస్టిండియా కంపెనీలో కలిసిపోయింది. దానితో పాటే చాందా ప్రాంతమూ బ్రిటిష్ చేతికి వచ్చింది. అక్కడ భూమిశిస్తు బందోబస్తు చేసిన మేజర్ లూసీ స్మిత్ 1869 నాటి తన నివేదికలో గోండు రాజుల చరిత్ర కూడా రాశాడు. స్థానికంగా చెప్పుకునే వంశావళిని ఆధారం చేసుకుని, భీమ్ బల్లాళ్ సింగ్‌తో మొదలై నీలకంఠ్ షాతో ముగిసే 19 మంది రాజుల జాబితా ఇచ్చాడు. మొదటి రాజుకు 870వ సంవత్సరం వేశాడు. చివరి రాజు నీలకంఠ్ షా చేతి నుంచి రాజ్యం మరాఠాలకు పోయింది 1751లో. గోండులకు ముందు ఈ నేలను ఏలింది మానా జాతి వాళ్లని, వారి వంశంలో కురుంప్రహోడ్ అనేవాడు ఆద్యుడని, గహిలు అనేవాడు మాణిక్‌గఢ్ కట్టించాడని చెప్పే కథనం కూడా ఈ సంప్రదాయంలోదే. తర్వాత వచ్చిన జిల్లా గెజిటియర్లు ఈ చట్రాన్నే తీసుకున్నాయి.

ఇప్పుడు లెక్క చూద్దాం. 870 నుంచి 1751 దాకా 881 ఏళ్లు. 19 మంది రాజులు. తలకు సగటున 46 ఏళ్ల పాలన. ఒకరిద్దరు దీర్ఘకాలం ఏలడం మామూలే. వరసగా 19 తరాల పాటు ఆ సగటు నిలవడం ఏ రాజవంశంలోనైనా నమ్మదగింది కాదు.

ఈ జాబితాను కొలవడానికి బయటి నుంచి దొరికే గట్టి కొలబద్ద ఒక్కటుంది, అక్బర్ కాలపు ఐన్-ఇ-అక్బరీ. బేరార్ 1596లో మొగలుల అధీనంలోకి వచ్చింది. ఆ సుబా వివరాలు రాస్తూ అబుల్ ఫజల్ చాందా గోండు పాలకుడు బాబాజీ ప్రస్తావన తెచ్చాడు. వెయ్యి మంది ఆశ్వికులు, నలభై వేల మంది కాల్బలం అతని దగ్గర ఉన్నట్టు నమోదు చేశాడు. వంశావళిలో బాబాజీ బల్లాళ్ షా పద్నాలుగో రాజు. అంటే అతను పదహారో శతాబ్దం చివరి భాగంలో ఉన్నాడన్నది స్థానిక వంశావళికీ, మొగలు రికార్డుకీ రెంటికీ సరిపోయే చోటు. అతని తర్వాత ధుండ్యా రామ్ షా, కృష్ణ షా, బీర్ షా, రామ్ షా, నీలకంఠ్ షా: ఐదుగురు. 1597 ప్రాంతం నుంచి 1751 దాకా సుమారు 154 ఏళ్లు. తలకు 31 ఏళ్లు. ఇది కొంచెం ఎక్కువే అయినా నమ్మదగిన సంఖ్య.

ఇదే కొలతతో వెనక్కి నడుద్దాం. బాబాజీ గద్దెనెక్కింది 1570 ప్రాంతమనుకుంటే, అతనికి ముందు 13 మంది. తలకు 31 ఏళ్ల చొప్పున వెనక్కి పోతే 1167 దగ్గర ఆగుతాం. 25 ఏళ్ల చొప్పున పోతే 1245 దగ్గర. భీమ్ బల్లాళ్ సింగ్ ఈ రెండు తేదీల మధ్య ఎక్కడో ఉండి ఉండాలి. 870 కన్నా ఇది తక్కువలో తక్కువ దాదాపు మూడు వందల ఏళ్లు ఇవతలి కాలం. తర్వాతి పరిశోధకుల్లో పలువురు చాందా గోండు రాజ్యం ఆరంభాన్ని పన్నెండు, పదమూడో శతాబ్దాల వైపు జరపడం ఈ లెక్కకు దగ్గరగానే ఉంది. నా లెక్క స్థూలమైనదే. వంశావళిలో పేర్లు తప్పిపోయి ఉండొచ్చు, అన్నదమ్ములను తండ్రీకొడుకులుగా చెప్పి ఉండొచ్చు. ఎంత సవరించినా 870 మాత్రం నిలబడటం కష్టం.

బల్లార్‌పూర్ విషయంలో ఇదే పద్ధతి బాగా పనిచేస్తుంది. సిర్పూర్ నుంచి రాజధానిని వార్ధా ఒడ్డుకు మార్చి ఇక్కడ కోట కట్టించిన ఖాండ్క్యా బల్లాళ్ షా జాబితాలో పదో రాజు. అతనికీ బాబాజీకీ మధ్య ముగ్గురి పాలన. అదే సగటుతో లెక్కిస్తే అతను గద్దెనెక్కింది 1446కూ 1470కీ మధ్య తేలుతుంది. ఇప్పుడు అందరూ వాడే 1437-62 తేదీలు దీనికి చాలా దగ్గర. కాబట్టి బల్లార్‌పూర్ కోట పదిహేనో శతాబ్దానిదన్న మాటను ధైర్యంగానే చెప్పొచ్చు. ఒంటి నిండా గడ్డలతో బాధపడిన ఖాండ్క్యా షా ఝర్‌పట్ వాగు గుంటలోని నీటితో బాగుపడ్డాడని, కుందేలు కుక్కను తరిమిన చోట చంద్రపూర్ నగరానికి గోడ కట్టించాడని చెప్పే కథ సంగతి వేరు. కుందేలు కుక్కను తరిమిన కథ విజయనగరానికీ ఉంది, దేశంలో ఇంకా అనేక కోటలకూ ఉంది. అది ఒక ఊరు తన పౌరుషాన్ని చెప్పుకునే తీరు. దానిలో తేదీ వెతకకూడదు.

మాణిక్‌గఢ్‌కు వస్తే చిక్కు ఇక్కడే. గోండులకు ముందు మానాలు ఏలారన్నది సంప్రదాయం. గోండులు 870లో మొదలయ్యారు కాబట్టి మానాల కోట తొమ్మిదో శతాబ్దానికి ఇటు రాకూడదన్న తర్కం దాని వెనకే నడిచినట్టు కనిపిస్తుంది. అంటే 'తొమ్మిదో శతాబ్దం' అనే తేదీ కూడా 870 అనే మేకుకే వేలాడుతోందన్నది నా అనుమానం. ఆ మేకు ఊడితే కోట తేదీ కూడా పదకొండు, పన్నెండో శతాబ్దాల వైపు జారాలి. మానాలు కట్టారన్న మాట దీంతో అబద్ధమైపోదు. కట్టినవాళ్ల పేరుకూ, కట్టిన ఏడాదికీ ఆధారాలు వేరువేరు. మొదటిది జనం నోట తరతరాలుగా నిలిచింది. మానా వర్గం ఇప్పటికీ చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల్లో గణనీయంగా ఉంది, ఆ కోటలను తమ పూర్వీకులవిగా చెప్పుకుంటుంది. రెండోది ఒక అధికారి కాగితం మీద వేసిన అంకె.

పదకొండో శతాబ్దంలో ఈ ప్రాంతం బయటి ప్రపంచానికి తెలుసనడానికి వేరే సాక్ష్యం ఉంది. నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజరాజ నరేంద్రుని కొడుకు, తర్వాత 1070లో చోళ సింహాసనం ఎక్కిన కులోత్తుంగుడు, యువకుడిగా వయిరాగరంలో ఏనుగులను పట్టాడని అతని శాసనాలు చెబుతాయి. వయిరాగరాన్ని చరిత్రకారులు ఇప్పటి గడ్చిరోలి జిల్లాలోని వైరాగఢ్‌గా గుర్తించారు. మానాల ముఖ్యస్థానంగా సంప్రదాయం చెప్పే కోట కూడా అదే. బస్తర్ చక్రకోటలో అప్పుడు ఏలుతున్నది నాగవంశీయులు. ఈ సంగతులు మాణిక్‌గఢ్ తేదీని నిరూపించవు. పదకొండో శతాబ్దపు అడవిలో ఇలాంటి కోటలు ఉండటానికి రాజకీయ సందర్భం ఉందని మాత్రం చూపిస్తాయి.

మొగలు రికార్డులో మాణిక్‌దుర్గ్

మాణిక్‌గఢ్ గురించి తేదీతో సహా దొరికే గట్టి రాతపూర్వక సాక్ష్యం మళ్లీ అబుల్ ఫజల్‌దే. బేరార్ సుబాలోని 16 సర్కార్లలో మాణిక్‌దుర్గ్ ఒకటి. దాని కింద ఎనిమిది పరగణాలు. దట్టమైన అడవులు చుట్టుముట్టిన కొండమీద చెప్పుకోదగిన కోట అని, చాందాకు దగ్గరలో ఉందని, అప్పటికింకా మొగలులకు లొంగలేదని ఐన్ సారాంశం. అదే సుబాలో తెలంగాణా పేరుతో మరో సర్కారు ఉంది.

ఈ చిన్న ప్రస్తావన నుంచి చాలా సంగతులు రాబట్టొచ్చు. మొదటిది, పదహారో శతాబ్దం చివరికి కోట పనిచేస్తున్న కోటే, పాడుబడలేదు. రెండోది, అది ఒంటరి కావలి బురుజు కాదు. ఒక సర్కారుకు పేరిచ్చేటంత కేంద్రం, దాని కింద శిస్తు లెక్కించదగిన ఊళ్లు ఉన్నాయి. మూడోది కొంచెం జాగ్రత్తగా చెప్పాల్సినది. లొంగని ప్రాంతాన్ని కూడా కాగితం మీద సర్కారుగా చూపడం మొగలు అధికారులకు అలవాటు. ఆ ఎనిమిది పరగణాల నుంచి మొగలు ఖజానాకు పైసా ముట్టిందని దీన్ని బట్టి అనలేం. 1667లో ఔరంగజేబు సేనాని దిలేర్ ఖాన్ దండెత్తి వచ్చి చాందా రాజుతో పెద్ద మొత్తంలో కప్పం ఒప్పించాకే మొగలు ఒత్తిడి ఈ అడవుల్లో నిజంగా తగిలింది.

ఇంతటి సాక్ష్యం ఉండగా తొమ్మిదో శతాబ్దం ముందుకొచ్చి, అక్బర్ కాలం వెనక్కి పోవడానికి ఒక కారణం రికార్డులు చీలిపోవడం. వార్ధా నది ఒకప్పుడు సరిహద్దు. తూర్పు ఒడ్డున బల్లార్‌పూర్, చంద్రపూర్ బ్రిటిష్ మధ్యపరగణాలవి. పడమటి ఒడ్డున రాజురా, మాణిక్‌గఢ్ కొండలు నిజాం రాజ్యానివి, తర్వాత ఆదిలాబాద్ జిల్లావి. చాందా గెజిటియర్ రాసిన ఇంగ్లీషు అధికారులకు నది అవతలి కోట పరాయి రాజ్యంలోనిది. హైదరాబాద్ దఫ్తరాలకు అది దూరపు అడవి మూల. 1956లో రాష్ట్రాల పునర్విభజనలో రాజురా తాలూకా బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లి మొదట నాందేడ్ జిల్లాలో, 1959లో చాందా జిల్లాలో చేరింది. కోట మహారాష్ట్రకు వచ్చింది. ఆ కోట కింది ఊళ్ల పాత కాగితాల్లో పెద్ద భాగం ఉర్దూలో, పర్షియన్‌లో హైదరాబాద్‌లో ఉండిపోయాయి. మరాఠీలో రాసేవాళ్లు అటు చూడటం తక్కువ, తెలుగులో రాసేవాళ్లకు ఆ కోట తమది కాదనిపిస్తుంది. ఈ ఖాళీలోనే లూసీ స్మిత్ అంకె నిలదొక్కుకుంది.

రాయి ఏం చెబుతుంది

గుట్ట అడుగున పెన్‌గంగ సున్నపురాయి పరుచుకుని ఉంటుంది. భూగర్భ శాస్త్రవేత్తల అంచనాలో అది సుమారు నూరు కోట్ల ఏళ్లనాటిది. పైన ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట పొంగిన లావా గడ్డకట్టిన నల్లరాయి. కోటగోడల నల్లరాయి ఈ పైపొరలోంచి తీసినదే కావడానికి అవకాశం ఎక్కువ, అంత బరువు కిందినుంచి మోయాల్సిన అవసరం లేదు. అయితే రాయి వయసు గోడ వయసును చెప్పదు. గోడ వయసు చెప్పేవి వేరే: రాళ్ల మధ్య సున్నం వాడారా లేదా, ద్వారానికి దూలం వేశారా కమాను తిప్పారా, ఉలి గుర్తులు ఎలా ఉన్నాయి, గోడ ఎన్ని చోట్ల తిరిగి కట్టారు.

మాణిక్‌గఢ్ ద్వారం మీద నాగశిల్పం ఉందన్నదే నాగవంశ వాదానికి ముఖ్య ఆధారంగా చెబుతారు. దీన్ని బల్లార్‌పూర్, చంద్రపూర్ ద్వారాలతో పోల్చి చూడాలి. చంద్రపూర్ నగరకోటకు జట్‌పురా, అంచలేశ్వర్, పఠాన్‌పురా, బిన్బా అని నాలుగు పెద్ద ద్వారాలు. ద్వారం ముఖభాగంలో కమానుకు ఇరువైపులా చదునుగా చెక్కిన సింహంలాంటి మృగం కనిపిస్తుంది. తోక పైకి లేచి ఉంటుంది, గోళ్లు విచ్చుకుని ఉంటాయి, దాని కింద ఏనుగు నలిగిపోతూ ఉంటుంది. మృగం శరీరంతో పోలిస్తే ఏనుగు బొమ్మలాగా చిన్నది. ఇది చాందా గోండు రాజుల చిహ్నం. రాజ్యం ఎవరిదో చదువు రాని బాటసారికి కూడా తెలిసేలా ద్వారం మీద వేసిన ముద్ర. మాణిక్‌గఢ్‌లో అలాంటి ముద్ర స్థానంలో పాము ఉంటే, ఆ ద్వారం గోండు రాజులు కట్టించినది కాకపోవచ్చునన్న వాదానికి బలం వస్తుంది.

బలం వస్తుందనే అంటాను, అంతకు మించి అనను. పాము ఒక్క నాగవంశానికే చెందిన గుర్తు కాదు. కోట ద్వారాల మీద రక్షణ కోసం నాగశిల్పం వేయడం దక్కన్‌లో మామూలు. ఇక్కడికి దగ్గరలోనే, ఇంద్రవెల్లి పక్క కేస్లాపూర్‌లో మెస్రం వంశపు గోండులు ఏటా పుష్యమాసంలో కొలిచేది నాగోబానే. పాము బొమ్మ చూసి పరిపాలించినవాళ్ల కులం తేల్చడం తొందరపాటు అవుతుంది.

ఇలాంటి తొందరపాటు మనవాళ్ల విషయంలోనూ జరగొచ్చు. చంద్రపూర్ లాల్‌పేట వైపు ఆరుబయట పడి ఉన్న ఏకశిలా విగ్రహాల గుంపు ఉంది. పది తలల దుర్గ విగ్రహం పొడవు పాతిక అడుగుల దాకా ఉంటుంది. వెల్లకిలా నేలమీదే చెక్కారు, లేపి నిలబెట్టనే లేదు. చుట్టూ శివలింగం, గణపతి, నంది, ఇంకా ఇతర దేవతల మూర్తులు. ధుండ్యా రామ్ షా కాలంలో రాయప్ప అనే వైశ్యుడు పెద్ద శివాలయం కట్టాలని వీటిని చెక్కించాడని, ఆలయం లేవకముందే చనిపోయాడని చెబుతారు. రాయప్ప అనే పేరు చూడగానే తెలుగు కోమటి అని మన మనసు లాగుతుంది. అలా అయి ఉండటానికి అవకాశం ఉంది, చాందాతో తెలుగు వర్తకులకు పాత సంబంధాలు ఉండటం సహజం. పేరొక్కటి చూసి తీర్పు చెప్పకూడదన్న నియమం మాణిక్‌గఢ్ పాముకు వర్తిస్తే రాయప్పకూ వర్తించాలి.

గుట్టమీది ఊళ్లు పాతవేనా

గుట్టమీద ఉన్న ప్రతి ఊరినీ సంప్రదాయ గ్రామం అనేస్తే పెద్ద పొరపాటు జరుగుతుంది. జివతి కొండల జనాభాలో కనీసం రెండు పొరలు ఉన్నాయి. కొలాములు, గోండులు పాతపొర. కొలాములను మహారాష్ట్రలో కాత్కరీ, మాడియా గోండులతో పాటు ప్రత్యేకంగా బలహీన గిరిజన సమూహంగా ప్రభుత్వం గుర్తించింది. కొలామీ, గోండీ రెండూ మన భాష కుటుంబానివే. రెండో పొర 1972 కరువులో వచ్చింది. నాందేడ్, పర్భణీ వైపు మరాఠ్వాడా జిల్లాల నుంచి బంజారాలు, దళితులు, ఇతర పేదలు బతుకుదెరువు వెతుక్కుంటూ ఈ కొండలెక్కారు. అడవి కొట్టి పొలాలు చేసుకున్నారు. ఆ భూముల పట్టాల గొడవ ఈనాటికీ తేలలేదు. కాబట్టి ఈ కొండమీద ఒక పూరింటి గోడ చూసి కోట అంత పాతదనుకున్న యాత్రికుడు నిజానికి యాభై ఏళ్ల నాటి కరువు వలస చూస్తూ ఉండొచ్చు. అది తక్కువ చరిత్ర ఏమీ కాదు, దాన్ని దాని పేరుతోనే చెప్పాలి.

ఇదే కొండల దక్షిణపు అంచున పరందోలి, ముక్దంగూడ, అంతాపూర్, మహారాజ్‌గూడ లాంటి 14 గ్రామాలు ఉన్నాయి. మహారాష్ట్ర వాటిని జివతి తాలూకాలో లెక్కిస్తుంది, తెలంగాణ కెరమెరి మండలంలో లెక్కిస్తుంది. అక్కడి వాళ్లకు రెండు రేషన్ కార్డులు, రెండు ఓట్లు, మరాఠీ బడి, తెలుగు బడి. 1956లో గీసిన గీత నేలమీద సరిగా పడకపోవడం వల్ల వచ్చిన స్థితి ఇది. ఆ అడవిలోనే జంగుబాయి గుహ ఉంది. పుష్యమాసంలో తుమ్రం, కొడప, రాయిసిడం, సలాం, వెట్టి మొదలైన ఎనిమిది గోత్రాల గోండులు రెండు రాష్ట్రాల నుంచీ కాలినడకన, ఎడ్లబండ్ల మీద అక్కడికి చేరతారు. కోటలోని శిథిలాల కన్నా ఎక్కువ మంది ఈ కొండలకు రావడానికి కారణం ఆ గుహే. పరిశోధకుల దృష్టిలో కోట పురాతనం, గుహ వర్తమానం. అక్కడి వాళ్లకు ఆ తేడా లేదు, కోటా గుహా రెండూ పెద్దలు తిరిగిన చోట్లే.

గ్రీసు అనుభవం ఎందుకు పనికొస్తుంది

కొండమీది ఊరు, పురాతన శిథిలం, యాత్రికుడు అనే మూడింటి మధ్య లెక్కలు ఎక్కువగా తేల్చుకున్న దేశం గ్రీసు. అక్కడి జాతీయ పర్యాటక సంస్థ 1975 నుంచి 1992 దాకా సంప్రదాయ గ్రామాల పరిరక్షణ పథకం నడిపింది. శాంతోరినిలో ఇయా, పేలియోన్ కొండల్లో మక్రినిట్సా, మానిలో వాథియా, కియోస్ దీవిలో మేస్టా, ఎపిరస్‌లో పాపిగో వంటి ఊళ్లలో పాడుబడ్డ ఇళ్లను బాగుచేసి అతిథి గృహాలుగా మార్చింది. ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా రాలేదు. ఇయాకు ఇప్పుడు జనం తాకిడి మోయలేనంత. వాథియా బురుజు ఇళ్లలో పెట్టిన అతిథి గృహాలు తర్వాత మూతబడ్డాయి. పాపిగో ఉన్న జగోరి ప్రాంతం 2023లో యునెస్కో జాబితాకు ఎక్కింది, అక్కడి రాతి వంతెనలు, ఊరి అడవులను కాపాడుకున్న ఆచారాలు అన్నీ కలిపి ఒకే భూదృశ్యంగా.

మాణిక్‌గఢ్‌కు ఇంతకన్నా పనికొచ్చేది గ్రీసు పురావస్తు శాస్త్రవేత్తల నడక సర్వే. పెలోపొనీస్‌లోని మెస్సీనియా ప్రాంతంలో మిన్నెసోటా విశ్వవిద్యాలయ బృందం చేసిన పరిశోధన 1972లో పుస్తకంగా వచ్చింది. భూగర్భ శాస్త్రం, మట్టి, పంటలు, పాత ఊళ్లు అన్నింటినీ కలిపి ఒక ప్రాంతాన్ని చదవడం అందులోని పద్ధతి. ఆ తర్వాతి సర్వేల్లో మనుషులు కొన్ని మీటర్ల ఎడంతో వరసగా నిలబడి పొలాలగుండా నడిచి, కనిపించిన ప్రతి పెంకునూ లెక్కపెట్టడం స్థిరపడింది. తవ్వకం అక్కర్లేదు, ఖర్చు తక్కువ. ఒక పెంకు అంచు మందం, పూత, కాల్చిన రంగు తెలిసినవాళ్లు చూస్తే అది ఏ శతాబ్దాలదో స్థూలంగా చెప్పగలరు. కోటలోపలి చెరువు గట్టున, ద్వారం దగ్గర, కింది పాతపొలాల్లో ఇలాంటి నడక ఒకటి పద్ధతిగా జరిగితే, తొమ్మిదో శతాబ్దమా పన్నెండా అన్న ప్రశ్నకు లూసీ స్మిత్ జాబితా ఇవ్వలేని జవాబు ఆ పెంకులు ఇవ్వగలవు.

పులి, గని, యాత్రికుడు

ప్రకృతి సంగతి క్లుప్తంగానే చెబుతాను, కానీ తేలిగ్గా కాదు. ఈ కొండలు తాడోబా పులుల అడవికీ తెలంగాణలోని కవ్వాల్‌కూ మధ్య దారి. రాజురా అడవుల్లో పలువురిని చంపిన మగపులిని అటవీశాఖ 2020 అక్టోబరులో పట్టుకుంది. ఆ మరుసటి నెలలోనే ఆసిఫాబాద్ జిల్లాలో పులి దాడుల్లో ఇద్దరు గిరిజనులు చనిపోయారు. కోట చూడాలనుకునేవాళ్లు స్థానికుల తోడు లేకుండా, అటవీశాఖకు చెప్పకుండా లోపలికి పోకూడదు. తెల్లవారుజామున, చీకటిపడ్డాక అసలే వద్దు. వానాకాలం చివర నుంచి మాఘం దాకా అనువైన కాలం. ఎండాకాలంలో ఆ గుట్ట మీద నీడ తక్కువ.

పులిని కాపాడటానికి తెలంగాణ ప్రభుత్వం 2025 మేలో కుమ్రం భీం పేరుతో కన్జర్వేషన్ రిజర్వ్ ప్రకటించింది. గిరిజనుల నిరసనల తర్వాత జులైలో ఆ ఉత్తర్వును నిలుపుదల చేసింది. అక్కడ బతికేవాళ్లను ముందు అడగకపోతే మంచి ఉద్దేశం కూడా నిలవదని ఆ రెండు నెలల్లో తేలింది. కొండ కింద గడ్‌చాందూర్ చుట్టూ సిమెంటు కర్మాగారాలు, వాటి సున్నపురాయి గనులు ఉన్నాయి. ఒక సిమెంటుకు మాణిక్‌గఢ్ పేరే పెట్టారు. పైన కోట నల్లరాయిది, కింద గని సున్నపురాయిది కాబట్టి రెండింటికీ పొత్తు లేదనుకోవడం సరికాదు. సున్నం లేకుండా పేర్చిన పాతగోడకు దూరపు పేలుడు అదురు కూడా భారమే. గోడల్లో పగుళ్లు ఎక్కడున్నాయో ఇప్పుడే కొలిచి పెట్టుకుంటే, పదేళ్ల తర్వాత అవి పెరిగాయో లేదో మాటల్లో వాదించుకోవాల్సిన పని ఉండదు.

ఇప్పటికి ఏం చెప్పొచ్చు

మాణిక్‌గఢ్ గురించి ఒక పలక రాయాలంటే నేను ఇలా రాస్తాను: ఈ కోటను మానా రాజులు కట్టించారని ఈ ప్రాంతపు సంప్రదాయం చెబుతుంది. పదహారో శతాబ్దం చివరికి ఇది మాణిక్‌దుర్గ్ పేరుతో ప్రసిద్ధి చెందిన కొండకోట అని మొగలు రికార్డు చూపిస్తుంది. ఆ తేదీకి ముందు కోట ఎంతకాలంగా ఉందన్నది రాళ్లు, పెంకులు చదివి తేల్చాల్సిన విషయం. తొమ్మిదో శతాబ్దం అన్న అంకె ఆ పలక మీద ఉండకూడదు.

తెలుగు పాఠకులకు ఇందులో ఒక పని ఉంది. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు రెవెన్యూ దస్తావేజులు ఉన్నాయి. ఉర్దూ, పర్షియన్ చదవగల పరిశోధక విద్యార్థి ఒక్కరు రాజురా తాలూకా కాగితాల మీద కూర్చుంటే, ఏ ఊరు ఎప్పుడు వెలిసింది, ఏ చెరువు ఎవరి పేరున ఉంది అన్నవి ఈ కొండలకు సంబంధించి మొదటిసారి వరసలో పడతాయి. విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు ఇలాంటి అంశాన్ని పీహెచ్‌డీలకు ఇవ్వాలి. బల్లార్‌పూర్, రాజురా, కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ వైపు ఉన్నవాళ్లకు నా విన్నపం ఇది: మీ ఇళ్లలో తాతల కాలం సేత్వార్, పహాణీ కాగితాలు, నిజాం ముద్ర ఉన్న శిస్తు రసీదులు ఉంటే చెదలకు వదలకండి. ముందు ఫొటో తీసి పెట్టండి, ఊరి పేరు, తాలూకా పేరు వెనక రాయండి, ఒక నకలు ఆర్కైవ్స్‌కు ఇవ్వండి.